ఏడో కోటు

మిస్ ఎర్లీన్ "ఏడు" అంది. నేను వినలేదు, చూశాను. నెత్తిమీద డ్రయర్ బోర్లించి ఉంది, చెవుల్లో దాని హోరు తప్ప ఇంకేమీ దూరడం లేదు, ఉంగరాలు తిరగాలని జుట్టంతా రోలర్లు, రోలర్ల మీద మందు, మందు మీద ప్లాస్టిక్ టోపీ, మూడున్నర దాకా కదలడానికి లేదు. కళ్ళకి మాత్రం ఎవరూ టోపీ పెట్టలేదు కదా. ఎదురు కుర్చీలో కూర్చున్న మిస్ ఎర్లీన్, తన జుట్టు దువ్వుతున్న ఈ సెలూన్ క్లోడీన్‌తో ఏదో చెబుతూ ఒక చేతి అయిదు వేళ్ళూ రెండో చేతి రెండు వేళ్ళూ పైకెత్తింది, పెదవులు ఏడు అన్నాయి, అంతలో అద్దంలోంచి నా చూపు తగిలిందేమో, గబుక్కున వేళ్ళు మడిచి ఒళ్ళో పెట్టేసుకుంది. ఎందుకు మడవడం? ఏడనేది బూతుమాటేం కాదే. మిస్ ఎర్లీన్ మా బ్యాండుకి కోట్లు కుట్టే మనిషి, పదకొండేళ్ళుగా మేం వేదిక మీద వేసుకున్న ప్రతి గుడ్డా ఆవిడ సూది కింద నుంచి వచ్చిందే. ఇవాళ నాలుగింటికి కొత్త రికార్డు అట్ట మీదకి మా ఫొటో తీస్తారు, ఆవిడ కుట్టిన కొత్త ఊదారంగు కోట్లలో. బ్యాండులో ఉన్నది తొమ్మిది మందిమి.

టవల్ కింద వేళ్ళు దాచుకుని నేనూ లెక్కపెడతాను. హార్లన్ ఒకటి, బేస్ గిటారు వాడిది, పాటా వాడిదే, బ్యాండూ వాడిదే. డ్రమ్ములు రెండు, గిటారు మూడు, పాడే అమ్మాయిలిద్దరు, కీబోర్డు దగ్గర కొత్తగా చేరిన డెమెట్రీ, ఆరు. తర్వాత ఊదేవాళ్ళం ముగ్గురం, రోస్కో ట్రంపెట్, కార్నెల్ సాక్సఫోన్, నేను ట్రాంబోన్. ఎటునుంచి లెక్కపెట్టినా తొమ్మిదే. ఏడంటే ఇద్దరు లేరు. ఆ ఇద్దరు డ్రమ్ముల దగ్గరో గిటారు దగ్గరో తగ్గరు, ఊదేవాళ్ళ దగ్గరే తగ్గుతారు, ఈ రెండేళ్ళుగా మా డేటన్ ఊళ్ళో ఏ బ్యాండు చూసినా ముందు ఊడిపోతున్నది మేమే. మరి క్లోడీన్ సంగతి? ఆవిడ హార్లన్ భార్యకి స్వయానా చెల్లెలు, ఆ ఇంట్లో కుక్క తుమ్మినా ఈవిడకి తెలుస్తుంది. నేను లోపలికి అడుగుపెట్టగానే, "లెమ్యుయెల్, బంగారం, ఇవాళే కావాలా? వచ్చేవారం రారాదూ, తీరిగ్గా చేస్తాను" అంది. ఫొటో ఇవాళ కదా క్లోడీన్, అన్నాను. "ఆ, అవును కదూ" అని చేతిలో దువ్వెన జారవిడుచుకుంది. పద్దెనిమిదేళ్ళుగా దువ్వెన పట్టిన చెయ్యి అది, ఎన్నడూ జారంది ఇవాళే జారిందా? ఆ తర్వాత గబగబా రోలర్లు చుట్టేసి, నన్ను తెచ్చి ఈ హోరు కింద కూర్చోబెట్టింది, నా చెవులు మూస్తే ఇక వాళ్ళిష్టం.

గోడ మీద గడియారం మూడుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. మూడింటికి రేడియోలో మా కొత్త పాట మొదటిసారి వేస్తారు, వారం నుంచీ చెబుతున్నారు. ఆ పాటకి మేం ముగ్గురం మార్చిలో ఊదాం, చలికి స్టూడియోలో కిటికీలు బిగుసుకుపోయిన రోజు, పదిసార్లు ఊదించాడు హార్లన్, పదోసారికి అద్దం వెనక నుంచి బొటనవేలు ఎత్తాడు. అది జరిగి మూడు నెలలు. మళ్ళీ మాకు వినిపించలేదు. అడిగితే, "ఇంకా పని జరుగుతోందిరా లెమ్, పచ్చిగా ఉంది" అంటాడు. పచ్చిగా ఉన్నప్పుడు వినిపించడమే మా పద్ధతి. వాడి పెళ్ళిలో తోడు నిలబడ్డది నేను, నా కూతురికి జ్ఞానస్నానం నాడు ఒళ్ళో పెట్టుకున్నది వాడు. అలాంటి మనిషి మూడు నెలలుగా నాతో మాట్లాడేటప్పుడు నా కంఠం కేసి చూసి మాట్లాడుతున్నాడు, కళ్ళలోకి చూడటం లేదు. నాకు తెలియదనుకుంటున్నాడా?

డెమెట్రీ. ఇదంతా వాడు వచ్చాకే. కుర్రాడేం కాదు, ముప్ఫై దాటాయి, చర్చికి వెళ్తాడు, అందరికీ నమస్కారం పెడతాడు, అలాంటివాళ్ళంటేనే నాకు భయం. సూట్‌కేసంత పెట్టె ఒకటి తెచ్చాడు, దాని మీద బొత్తాలు, బొత్తాల కింద తెల్ల అక్షరాలు, వయొలిన్లు, గంటలు, ఈల, ఒకదాని కింద ట్రాంబోన్ అని రాసి ఉంది. నా పేరు రాసి ఉన్నట్టే అనిపించింది. నొక్కాడు. ముక్కు పట్టుకుని పాడినట్టు వచ్చింది. కార్నెల్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు, "దీనికి కోటు ఏ కొలత కుడతారు మిస్ ఎర్లీన్?" అన్నాడు. నేనూ నవ్వాను. హార్లన్ నవ్వలేదు. ఆ రోజే తెలుసుకోవాల్సింది, ఎవరు నవ్వారో కాదు, ఎవరు నవ్వలేదో చూడాలి. థర్డ్ స్ట్రీట్‌లో మేం వారానికి నాలుగు రోజులు ఊదిన హాల్లో ఇప్పుడు ఒకడే ఉంటాడు, రికార్డులు తిప్పే రెండు పళ్ళాలూ ఒక మైకూ పెట్టుకుని. పక్క వీధి బ్యాండులో డ్రమ్ముల స్టూలు మీద తనంతట తానే డ్రమ్ములు మోగించే డబ్బా పెట్టారు, డ్రమ్మరు బల్ల దగ్గర కూర్చుని దానికి బొత్తాలు నొక్కుతూ, అలసట లేదు భయ్యా, అని పళ్ళికిలిస్తాడు. మా నాన్న ఫ్రిజ్‌లు బిగించిన ఫ్యాక్టరీ మూసేసినప్పుడు కూడా ముందు చెప్పలేదు, కొత్త యూనిఫారాలు కొందరికే వచ్చాయట, మిగతావాళ్ళు బట్టలు చూసి గ్రహించుకున్నారట. బట్టల దగ్గరే బయటపడుతుంది ఏదైనా.

కొలతలు! మిస్ ఎర్లీన్ ఈసారి నా కొలతలు తీసుకోలేదు. "పాతవి ఉన్నాయిలే నాయనా" అంది. పాతవా? ఆ కొలతలప్పటికీ ఇప్పటికీ నా పొట్ట ఒక గుమ్మడికాయ పెరిగింది, ఆవిడ కళ్ళకి ఆనలేదా? గుండీ పడదని తెలిసీ పాత కొలతలకి కుట్టే మనిషి కాదు ఆవిడ. కుట్టడం లేదు కాబట్టే కొలవలేదు. ఆగు లెమ్యుయెల్, ఆగు, నీ బుర్రకి కాస్త సందు దొరికితే చాలు పుట్ట తవ్వుతుంది, నీ పెళ్ళాం అనేది అదే. ముగ్గురినీ తీసేస్తే ఆరు కదా ఉండాలి. ఏడెందుకు? ఒకణ్ణి ఉంచుతున్నారు. ఒకణ్ణి ఉంచుతున్నారంటే అది ఎవరు? కార్నెల్ కాదు, వాడు వాసన పట్టి పదిహేను రోజుల కిందటే పోస్టాఫీసులో పని ఖాయం చేసుకున్నాడు, వాళ్ళు తలుపు చూపించే లోపు నేనే గడప దాటతా అన్నాడు. ఇక రోస్కో, నేను. ట్రంపెట్ లాంటి శబ్దం ఆ పెట్టెలో బాగానే వస్తుంది, ట్రాంబోనే ముక్కుతో పాడుతుంది. జారుడు స్వరం బొత్తానికి రాదు. అయితే ఏడో కోటు నాదే. హార్లన్ కళ్ళలోకి చూడలేకపోతున్నది రోస్కోని తీసేస్తూ నన్ను ఉంచుతున్నందుకే, మేమిద్దరం ఎలాంటి వాళ్ళమో తెలుసు కాబట్టే. ఛాతీలో ఏదో తేలికపడింది. వెంటనే సిగ్గేసింది. రోస్కో ఊడిపోతున్నాడని తేలికపడ్డానా? వాడికి ఎలా చెప్పాలో కూడా అప్పుడే ఆలోచించేస్తున్నాను, చెయ్యి భుజం మీద వేసి, నీ తప్పేం లేదురా, కాలం అలాంటిది, అని. ఆ మాట నా నోట్లో తియ్యగా ఉంది, అదే నన్ను భయపెట్టింది.

రోస్కోకీ నాకూ పదమూడేళ్ళప్పుడు స్కూలు బ్యాండులో పరిచయం. వాడప్పటికే పియానో వాయించేవాడు, వాళ్ళమ్మ చర్చిలో పియానో దగ్గర కూర్చునేది, కీర్తనలన్నీ కొడుక్కి వేళ్ళలో పోసింది, వాడే అది ఆడపిల్లల పనని మానేసి ట్రంపెట్ పట్టాడు. పెటిఫర్డ్ మాస్టారు మమ్మల్ని ముగ్గురు చొప్పున నిలబెట్టి అరనెల బాకాలు ముట్టుకోనివ్వలేదు, ఊపిరి మాత్రం పీల్పించారు. "మూడు ఊపిర్లు పీలిస్తే మూడు బాకాలు వినిపిస్తాయి. నాకు ఒక్కటే బాకా కావాలి. ఒక్క ఊపిరి తీయండి, దొంగవెధవల్లారా!" ఎవడో ఒకడు గడ్డం ఎత్తాలి, మిగతా ఇద్దరూ వాడితో పీల్చాలి, అంకెలు లేవు, సైగ లేదు. మాలో గడ్డం ఎత్తేది నేను. ఆ సంవత్సరమే ఊరేగింపులో కుడికి తిరగమంటే రోస్కో ఎడమకి తిరిగాడు, వాడి మోచెయ్యి నా ట్రాంబోన్‌కి తగిలి ఆ ఇత్తడి నా ముందు పన్ను ముక్క ఎగరగొట్టింది. అప్పటి నుంచీ నేను నోటితో గట్టిగా గాలి పీలిస్తే సన్నగా ఈల వస్తుంది. మా రెండో రికార్డప్పుడు స్టూడియోలో ఒకాయన, పాట ముందు ఈ చప్పుడేంటి, కోసేద్దాం, అన్నాడు. "కోస్తే వీళ్ళు బతికున్నారని ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు హార్లన్. ఉంచాడు. తర్వాత తర్వాత హాళ్ళలో జనం మాతో పాటు ఊపిరి పీల్చేవాళ్ళు, ఆరువందల మంది ఒక్కసారి ఛాతీ నింపి, మేం ఊదగానే నేల దద్దరిల్లేలా దూకేవాళ్ళు. ఆ హార్లన్ ఈ హార్లనేనా?

రోస్కోని తీసేస్తే నేనెవరితో పీలుస్తాను? డెమెట్రీతోనా? వాడి వేళ్ళకి ఊపిరెందుకు? పాపం రోస్కో, అసలే ఈ మధ్య పంటి బాధ. రెండు నెలలుగా మంగళవారం సాధనకి రావడం లేదు, పంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నా అంటాడు, ట్రంపెట్ ఊదేవాడికి పన్నంటే ప్రాణం. ఒక మంగళవారం మా ఆవిడ చేసిన కోడి సూపు పట్టుకెళ్ళాను, ఇంట్లో లేడు, వాకిట్లో పెట్టి వచ్చాను. నాతో కలిసి రావాల్సినవాడు క్లోడీన్ దగ్గరికి కూడా గురువారమే ఒంటరిగా వచ్చి జుట్టు చేయించుకుని వెళ్ళాడు, శనివారం రద్దీగా ఉంటుందిరా, అన్నాడు. రద్దీ ఎక్కడుంది? నేను, మిస్ ఎర్లీన్, అంతే. సరే, వాడికేం తెలుసు రద్దీ ఉండదని. మూడున్నరకి వచ్చి నన్ను కారులో తీసుకెళ్తానన్నాడు.

మూడు కావడానికి ఒక నిమిషం. క్లోడీన్ రేడియో కేసి చూసింది, నా కేసి చూసింది, నా డ్రయర్ తీయడానికి మాత్రం రాలేదు. పైగా వచ్చి దాని మీట ఇంకొంచెం పెంచి, నా భుజం తట్టి నవ్వింది. అంతే, చాలు. రెండు చేతులతో డ్రయర్ ఎత్తి వెనక్కి తోసేశాను. మందు చెవి వెనక నుంచి మెడ మీదకి కారుతోంది, మండుతోంది.

"అయ్యో, ఇంకా అరగంట ఉంది! జుట్టు కాలిపోతుంది లెమ్యుయెల్!"

"కాలనీ. రేడియో పెంచు."

"నా మాట విను బంగారం..."

"మిస్ ఎర్లీన్," అన్నాను, "మీరు చెప్పండి. ఏడో కోటు ఎవరిది?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు కొలతలిచ్చారు నాయనా, పేర్లివ్వలేదు."

"కొలత చూస్తే మీకు మనిషి తెలియదూ?"

ఆవిడ రేడియో వైపు తిరిగింది. "పెంచమ్మా క్లోడీన్," అంది చివరికి. "దాచి ఏం లాభం?"

రేడియోలో వాడు ఊరి పేరూ మా పేరూ అరిచాడు, పాట మొదలైంది. ముందు డ్రమ్ములు, డ్రమ్ములు కావు, డబ్బా, ఎక్కడా తడబడకుండా, చెమట పట్టకుండా. తర్వాత హార్లన్ బేస్, అది వాడి బొటనవేలే, ఎక్కడున్నా పోలుస్తాను. నాలుగు వరుసలయ్యాక మేం రావాలి. నాకు తెలియకుండానే గడ్డం ఎత్తాను. అప్పుడు వినిపించింది. ఊపిరి. రేడియోలో, ఇంత పొడుగు, మా ముగ్గురి ఊపిరి, అందులో సన్నగా నా పంటి ఈల. ఉన్నాం! తీసేయలేదు, ఉన్నాం, నా అనుమానం తగలెయ్య, మిస్ ఎర్లీన్ ఇంకేదో లెక్క చెప్పి ఉంటుంది, గుండీల లెక్కేమో, హార్లన్ మనసు నాకు తెలియదా, అని నోరారా నవ్వబోయాను. ఊపిరి అయింది. తర్వాత రావలసింది రాలేదు. ముక్కు పట్టుకుని పాడే ఆ పెట్టె వచ్చింది. మేం మార్చిలో పదిసార్లు ఊదిన చోట, అవే స్వరాలు, తడీ లేదు, ఇత్తడీ లేదు. మా టేపు మీదే రికార్డు చేశారన్నమాట. మేం ఊదిన చోట చెరిపేస్తూ దాన్ని ఎక్కించారు, బొత్తాం నొక్కినవాడు స్వరం మొదలైన చోట నొక్కాడు, దానికి ముందున్న ఊపిరి సంగతి మరిచిపోయాడు. లేక హార్లనే ఉంచమన్నాడా? ఉంచితే అది దయా, దొంగతనమా? మా శబ్దం చెరిగింది, మేం పీల్చిన గాలి మాత్రం మిగిలింది. రేపు హాళ్ళలో జనం మాతో పాటే పీలుస్తారు, మాతో పాటే దూకరు.

డెమెట్రీ వేళ్ళు విరగ్గొట్టాలి. లేచాను. కానీ చెవి లేవలేదు, చెవి అక్కడే ఉండిపోయింది. రెండోసారి ఆ పెట్టె వరుస వచ్చింది, దాని చివర స్వరం తిన్నగా ఆగకుండా, బొత్తానికి రాదనుకున్నానే, కిందికి జారింది, జారబోయే ముందు రవంత పైకి లేచి, ఆ తర్వాత జారింది. ఎవరూ అలా జారరు. పెటిఫర్డ్ మాస్టారు దానికి చెవులు మెలేసేవారు, ముందు పైకెందుకురా, కిందికే పో, అని. ముప్ఫై ఏళ్ళుగా నా కుడిపక్క నుంచి వింటున్న జారుడు అది. పెట్టె వచ్చింది, బాకా పోయింది, అలవాటు పోలేదు. అది డెమెట్రీ కాదు. కీర్తనలు వేళ్ళలో పోయించుకున్నవాడు. మంగళవారాలు పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినవాడు. నా కోడి సూపు వాకిట్లో చల్లారుతుంటే స్టూడియోలో కూర్చుని నన్ను చెరుపుతున్నవాడు. హార్లన్ని అనుమానించాను, డెమెట్రీని అనుమానించాను, దువ్వెన పడిందని క్లోడీన్ని అనుమానించాను, ఊళ్ళో అందరినీ అనుమానించడానికి నాకు తీరిక దొరికింది. వాణ్ణి తప్ప. వాడి కోసం నీ తప్పేం లేదురా అనే మాట కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

క్లోడీన్ నన్ను చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది, తల వెనక్కి వాల్చి నీళ్ళు పోసింది, "గురువారం వచ్చి ఏడ్చాడు" అంది మెల్లిగా, "నీకు తనే చెబుతానన్నాడు, నన్ను చెప్పొద్దన్నాడు. పిల్లలున్నారు కదా అన్నాడు." నాకూ ఉన్నారు. నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి, పోనిచ్చాను.

బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. కిటికీలోంచి వాడి కారు కనిపిస్తోంది, వెనక సీటు దగ్గర కొక్కానికి ప్లాస్టిక్ తొడుగులో ఊదారంగు కోటు వేలాడుతోంది, ఒక్కటే. రోస్కో తలుపు తోసుకుని వచ్చాడు. తల మీద ఉంగరాలు నిగనిగలాడుతున్నాయి. నన్నూ, నా మెడ మీద ఎర్రగా కాలిన చారనూ, రేడియోనూ వరసగా చూశాడు. రేడియోలో ఇప్పుడు ఇంకెవరిదో పాట.

"విన్నావా?" అన్నాడు.

తిట్టడానికి నా దగ్గర చాలా ఉన్నాయి, ముప్ఫై ఏళ్ళవి. ఎందుకు చేశానో నాకే తెలియదు, వాడికి ఎదురుగా నిలబడి గడ్డం ఎత్తాను, నోరు తెరిచి ఊపిరి పీల్చాను, పన్ను ఈల వేసింది. వాడి ఛాతీ లేచింది. వాడు లేపలేదు, అదే లేచింది, నాతో పాటే, వెంట్రుకవాసి తేడా లేకుండా, పెదవులు బిగుసుకున్నాయి, వేళ్ళు గాలిలో ట్రంపెట్ మీటల కోసం వంగాయి. ఇద్దరం నిండా గాలి పట్టుకుని నిలబడ్డాం. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. ముందు వదిలేసింది వాడే, ఆ గాలితో పాటు నా పేరు కూడా వచ్చింది, లెమ్, అని, చిన్నగా. నేనింకా పట్టుకునే ఉన్నాను.